మూడో ఏటి ఢాలు

మంగేశ్ కారు కొన్నాడని తెలిసిన రోజు విశ్వేశ్వర్ అన్నం సగంలో వదిలేసి లేచాడు. మంగేశ్ ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి వెళ్ళి, రెండు పూరణ్ పోళీలు తిని, "వానకాలం ఈ గోడకు చెమ్మ దిగుతది తమ్మీ, జర చూస్కో" అని ఒక మాట అంటించి వచ్చాడు. పాపం, ఆ గోడకు ఏ చెమ్మా దిగలేదు. నాలుగు వానాకాలాలు పోయినా దిగలేదు. అటువైపు పని ఉన్నా లేకపోయినా స్కూటర్ మీద వెళ్ళి ఆ గోడ చూసి వచ్చేవాడు మన విశ్వేశ్వర్.

ఇద్దరిదీ ఒకటే ఊరు. భోకర్ దాటి, తెలంగాణ ఇంకాస్త దూరంలో ఉందనగా వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇప్పుడు ఇద్దరూ నాందేడ్ కాలేజీల్లో రాజనీతిశాస్త్రం చెబుతారు, ఒకరిది ఒక కాలేజీ, ఒకరిది ఇంకొకటి. మంగేశ్ ఉద్యోగం పర్మనెంటు, అక్కడి మాటలో కాయం. విశ్వేశ్వర్‌ది తాసిక, అంటే ఏ గంట పాఠం చెబితే ఆ గంటకే మాస్టరు. ఏటా జూన్‌లో మళ్ళీ కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. అలా పదహారు జూన్‌లు పెట్టుకున్నాడు. వయసులో విశ్వేశ్వరే పెద్ద కాబట్టి మంగేశ్ ఇప్పటికీ "విశ్వన్నా" అనే పిలుస్తాడు. ఆ పిలుపు వింటే చాలు, ఇతనికి ఒళ్ళంతా కారం రాసినట్టు ఉంటుంది.

ఇద్దరి మధ్యా ఉన్న తేడా అంతా రెండేళ్ళు. ఇద్దరూ ఒకే ఏడు పన్నెండో తరగతి పాసయ్యాక విశ్వేశ్వర్ రెండేళ్ళు చదువు ఆపి భోకర్ మార్కెట్లో బస్తాలు మోశాడు. మంగేశ్ నేరుగా కాలేజీలో చేరాడు, అన్నింటా రెండేళ్ళు ముందు నడిచాడు, ఉద్యోగంలో కుదురుకున్నాడు. విశ్వేశ్వర్ డిగ్రీలు చేత పట్టుకుని వచ్చేసరికి భర్తీలు బంద్.

ఆ రెండేళ్ళు ఎందుకు పోయాయో అతనికి తెలుసు. తండ్రి భోజన్న ఏదో కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఊరి పాటిల్ వెంకట్రావ్‌కు కోపం వచ్చి తన బావి నీళ్ళు ఇవ్వడం ఆపేశాడు. పసుపు చేను నిలువునా ఎండింది. అదేం కాగితం, ఎందుకు పెట్టలేదు అని విశ్వేశ్వర్ తండ్రిని ఎప్పుడూ అడగలేదు. బస్తాలు మోసి వచ్చిన వాడికి అడిగేంత ఓపిక లేదు, అంత ప్రేమా లేదు. తర్వాత భోజన్న చనిపోయాడు. మంగేశ్ వాళ్ళ బాపు గంగారాం ఆ కాగితం మీద సంతకం పెట్టాడనీ, వాళ్ళ చేను ఎండలేదనీ మాత్రం బాగా గుర్తుంది. కుళ్ళుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక ఢాలు సంగతి. నాందేడ్‌లో ఏటా కాలేజీలకు వక్తృత్వ పోటీ జరుగుతుంది. కాలేజీకి ఒక్కరే మాట్లాడాలి. గెలిచిన కాలేజీకి ఇత్తడి బిళ్ళలు కొట్టిన పెద్ద కర్ర ఢాలు ఇస్తారు. దాన్ని ఏడాది పాటు ప్రిన్సిపాల్ గదిలో పెట్టుకుని, మళ్ళీ ఏడు తెచ్చి అప్పజెప్పాలి. అందుకే దాన్ని ఫిరతీ ఢాల్ అంటారు. అయితే వరసగా మూడేళ్ళు గెలిచిన కాలేజీ నుంచి అది ఇక ఎక్కడికీ పోదు, అక్కడే కాయం. పోయిన రెండేళ్ళూ మంగేశ్ తయారుచేసిన పిల్లలే గెలిచారు. ఇది మూడో ఏడు.

"నౌకరీ వానిదే కాయం, ఢాలూ వానిదే కాయమా?" అని విశ్వేశ్వర్ స్నానాల గదిలో అద్దం ముందు పళ్ళు నూరాడు.

పైగా ఈసారి మంగేశ్ తరఫున మాట్లాడేది వాళ్ళ ఊరి పిల్లే, ప్రణాలి. భూమి లేని కూలి ఇల్లు. నాయనమ్మ శివవ్వ నాట్లకూ కలుపులకూ పోయి పెంచింది. ఆ పిల్ల నాందేడ్ వచ్చి నా కాలేజీలో చేరకుండా వాడి కాలేజీలో ఎందుకు చేరాలి? ఇది కూడా విశ్వేశ్వర్ లెక్కలో మంగేశ్ చేసిన నేరమే.

విషయం కూడా ప్రకటించారు: వివాదాల్లో ఉన్న పరదేశపు పాలకులకు మహాశక్తులు ఎందుకు కొమ్ముకాస్తాయి? ఏ దేశం పేరూ ఎత్తకూడదని కింద ఒక షరతు. అంతకుముందు ఏడు ఎవరో ఒక దేశం పేరు ఎత్తినందుకు హాల్లో కుర్చీలు లేచాయి మరి. విశ్వేశ్వర్ ఆదివారం పొద్దున్న కూర్చుని, టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా, ఒక్క ఊపున భాషణం రాసేశాడు. నూనె బావుల కోసమంటారు, ఓడరేవు కోసమంటారు, సైన్యాన్ని దించుకునే చోటు కోసమంటారు, ఫిరంగులు అమ్ముకోవడానికంటారు. అన్నీ నిజమే. కానీ అసలు కారణం పక్కన ఇంకో పెద్ద దేశం ఉండటం. నేను వదిలేస్తే వీణ్ణి వాడు ఎత్తుకుపోతాడన్న మంట. మంచి పాలకుడికి సొంత జనం అండ ఉంటుంది, అవసరమైతే కాదనగలడు. చెడ్డవాడికి మనం తప్ప దిక్కు లేదు, పిలిస్తే పలుకుతాడు. వాడు సొంత జనాన్ని కొడితే మనం అటు తిరిగి నిలబడితే సరిపోతుంది. ఇలా సాగింది. చదివి చూసుకుని, ఇంత బాగా ఎలా వచ్చిందబ్బా అని తనే ఆశ్చర్యపోయాడు. ఎలా వస్తుందో మనకు తెలుసు గానీ అతనికే తెలియలేదు.

భాషణం చెప్పడానికి స్వప్నిల్‌ను ఎంచుకున్నాడు. కుర్రాడు స్టేజీ ఎక్కితే మైకు అక్కర్లేదు. కానీ స్టేజీ దిగితే వాడంత బద్మాష్ కాలేజీలో లేడు. పోయిన నెల హాస్టల్లో ఒక కొత్త పిల్లాణ్ణి చెవి వాచేలా కొట్టాడు. విచారణలో విశ్వేశ్వరే లేచి, "వయసు సార్, వయసు" అని వెనకేసుకొచ్చాడు. ప్రిన్సిపాల్ తల పట్టుకుని, "ఆ వెధవనా పంపేది?" అంటే, "వాడొక్కడే ఆ పిల్లను ఓడగొడతాడు సార్" అన్నాడు. ఎలాంటివాడైతేనేం, మనోడు.

మనోడికి ఆ సంగతి తొందరగానే తెలిసిపోయింది. మొదట హాజరు వేయమన్నాడు, వేశాడు. తర్వాత ఇంటర్నల్ మార్కులు అడిగాడు. అవీ పడ్డాయి. పోటీకి ముందురోజు ప్రాక్టీసుకు గంటన్నర ఆలస్యంగా వచ్చి, ఫోన్ తీసి సార్ ముఖం ముందు ఆడించాడు.

"సర్, జెరాక్స్ దుకాణంల ప్రణాలి కాగితాలు టైపింగ్‌కు ఇచ్చి పోయింది. ఫొటోలు కొట్టిన. మొత్తం భాషణం ఉన్నది. చూస్తరా?"

విశ్వేశ్వర్ వాడి చెంప పగలగొట్టాల్సిన చోటు అది. చెయ్యి లేవలేదు.

"నేను చూడ. లోపట పెట్టు" అన్నాడు.

"గట్లనే సర్. మీరు చూడకుండ్రి. నేను చూస్త."

చూడకపోవడంలో ఎంత సుఖముందో విశ్వేశ్వర్‌కు ఆ రాత్రి తెలిసింది. హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. చిట్టీలు తీస్తే స్వప్నిల్‌కు నాలుగో నంబరు, ప్రణాలికి పదకొండు పడింది. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. నడిమధ్య పెద్దావిడ ఉమాబాయి, ప్రిన్సిపాల్‌గా రిటైరైన మనిషి, తల నెరిసినా చూపు నెరవలేదు. స్వప్నిల్ లేచాడు. అయిదు నిమిషాలు విశ్వేశ్వర్ రాసిన మాటలే గుండ్రంగా, గట్టిగా పలికాడు. హెచ్చరిక గంట మోగింది. ఇక ముగింపే కదా అనుకుంటూ విశ్వేశ్వర్ మంగేశ్ ముఖం కేసి చూశాడు, ఏడుస్తున్నాడా లేదా అని.

అప్పుడు స్వప్నిల్ గొంతు తగ్గించాడు. "మిత్రులారా, దేశాల దాకా ఎందుకు? ఈ జిల్లాలోనే ఒక ఊరి కథ చెబుతాను" అన్నాడు మరాఠీలో.

ఆ ఊళ్ళో రేషన్ దుకాణం రామదాస్ అనే మనిషి చేతిలో ఉండేదట. తూకంలో సగం తినేవాడట. అది ఊరందరికీ తెలుసు. కానీ దుకాణం రామదాస్ చేతి నుంచి పోతే పాటిల్ దాయాది మనిషికి వస్తుంది. అది పాటిల్‌కు గిట్టదు. అందుకని దుకాణం రామదాస్‌కే ఉండాలని ఠరావ్, అంటే తీర్మానం, రాసి, ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకున్నాడట. భోజన్న అనే రైతు దగ్గరికి వచ్చారు. ఈయన తప్పక పెడతాడనుకున్నారు, ఎందుకంటే పాటిల్ దాయాది ఈయన పొలం గట్టు కూడా తిన్నాడు. ఆ భోజన్న కలం పక్కన పెట్టేసి అన్న మాటను స్వప్నిల్ తెలుగులోనే అన్నాడు.

"వాని మీద నాకూ పగే. గని నా పగ నాది, శివవ్వ గింజలు శివవ్వయి. పగకు నేను సంతకం పెట్ట."

తర్వాత దాన్ని మరాఠీలోకి మార్చి చెప్పి, చేతులు జోడించాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. విశ్వేశ్వర్‌కు మాత్రం ఏ చప్పుడూ వినబడలేదు. ఆ ఒక్క మాటలో తండ్రి గొంతు అచ్చంగా వినబడింది, అంతే. పాతికేళ్ళుగా అడగని ప్రశ్నకు జవాబు ఒక దొంగవెధవ నోటి నుంచి వచ్చింది. శివవ్వ ఇంట్లో గింజలు తక్కువ పడకూడదని తన పసుపు ఎండబెట్టుకున్నాడా బాపు? ఈ ముక్క ఆ ముసలమ్మకు తెలుసు, ఆమె మనవరాలికి తెలుసు, మంగేశ్‌కూ తెలిసే ఉంటుంది. కొడుకును నాకు తెలియదు. ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది, మా బాపు కథ వాడి పిల్ల దగ్గర ఎందుకుండాలని.

పదకొండో నంబరు పిలిచారు. ప్రణాలి మైకు దగ్గరికి వచ్చి, చేతిలో కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"నేను చెప్పాలనుకున్న కథ అయిపోయింది. అది నిజమైన కథ. ఆ శివవ్వ మా నాయనమ్మ" అని మరాఠీలో అంది. దండం పెట్టి దిగిపోయింది.

ఉమాబాయి పెన్ను కింద పెట్టింది. ఇద్దరు మాస్టర్లనూ బల్ల దగ్గరికి పిలిపించింది. "ఒకే కథ రెండు కాలేజీల దగ్గర ఎలా ఉంది? మీకేమైనా అభ్యంతరముందా?" అని మంగేశ్‌ను అడిగింది.

"నేను ఏం చెప్పను మేడమ్. విశ్వన్నను అడగండి. ఆయన రాశానంటే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు మంగేశ్.

చూశారా, ఎంత పెద్దరికమో! తిట్టరాదా? కొట్టరాదా? "నా పిల్ల భాషణం దొంగిలించారు" అని అరవరాదా? విశ్వేశ్వర్ ఆ మంచితనం కేసి చూడలేక బల్ల మీది కాగితాల కేసి చూశాడు. మంగేశ్ అరిచి ఉంటే ఇతను నిజం చెప్పి ఉండేవాడేమో. అరవలేదు.

"నేనే రాశాను" అన్నాడు.

ఉమాబాయి ఫారం చూసింది. మన దగ్గర పేరు పక్కన తండ్రి పేరు రాయనిదే ఏ కాగితమూ కదలదు కదా. "విశ్వేశ్వర్ భోజన్న. ఓహో, ఆ భోజన్న మీ నాన్నగారా?" అంది. ఆవిడ ముఖం మెత్తబడింది. "అయితే ఇంకేం. ఇక్కడ సంతకం పెట్టండి, భాషణం మీ మార్గదర్శనంలోనే తయారైందని."

సంతకం పెట్టాడు.

ఢాలు అతని చేతికొచ్చింది. అనుకున్నదానికన్నా బరువుంది. ఫొటోలయ్యాక దాన్ని చంకన ఇరికించుకుని వరండాలోకి వచ్చాడు. అక్కడ మంగేశ్ ఒక్కడే స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. అవతల మెట్ల మీద ప్రణాలి మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా పోటీకొచ్చిన పిల్లలంతా పోహే తింటున్నారు.

"ముబారక్ అన్నా" అన్నాడు మంగేశ్. "ఒక్క మాట అడగాల్నా?"

"అడుగు."

"నువ్వే రాసినవు గదా. మరి మా బాపు పేరెందుకు తీసేసినవ్?"

విశ్వేశ్వర్‌కు అర్థం కాలేదు.

"ప్రణాలి రాసిన దాంట్ల ఉన్నది. ఠరావ్ మీద అందరికన్న ముందు పయిలా సంతకం గంగారాందని, ఆ గంగారాం మా సర్ బాపేనని. ఆ పిల్ల వద్దన్నది, బాగుండదు సర్ అన్నది. నేనే పెట్టుమన్న. మా బాపు సంతకం పెట్టిండు, నేను సదువుకున్న. మీ బాపు భోజన్న కాకా పెట్టలె, నువ్వు బస్తాలు మోసినవ్. ఇరవై ఏండ్ల సంది నీతోని చెప్పాల్నని ఉండె. నీ ముంగట నోరు రాలె. ఇయ్యాల హాల్ల అందరి ముంగట చెప్పిస్త, అన్న కూడ ఇంటడు అనుకున్న. గంతే."

అని, ప్రణాలి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

విశ్వేశ్వర్ అక్కడే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ కారు చూసి ఏడ్చాడు, ఇల్లు చూసి ఏడ్చాడు. ఇంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. సొంత తండ్రి తప్పును నలుగురిలో చెప్పించడానికి సిద్ధపడ్డాడు వాడు. సొంత తండ్రి మంచితనాన్ని దొంగసొత్తులా చంకన పెట్టుకున్నాడు తను. వాడి దగ్గర ఉన్నదేదీ తన దగ్గర లేదు. ఎన్ని జన్మలెత్తి ఏడిస్తే ఇది తీరుతుంది?

స్వప్నిల్ నోట్లో ఏదో నములుతూ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నిన్నటిదాకా భుజం మీద చెయ్యి వేయలేదు వాడు.

"సర్, ఎట్లున్నది మనది? సంవత్సరాంతం పరీక్షల సంగతి కూడ జర చూడుండ్రి. ఫొటోల ముచ్చట ఫికర్ చేయకుండ్రి. నేనెవ్వల్కి చెప్ప. మనం మనం."

మనం మనం! ఆదివారం రాసిన భాషణంలో ఈ ముక్క ఒక్కటే రాయలేదు విశ్వేశ్వర్. కొమ్ముకాచినవాడి జుట్టు చివరికి ఎవరి చేతికి వస్తుందో రాయలేదు. భుజం మీది చెయ్యి తీసి అవతల పడేశాడు. గిరుక్కున తిరిగి హాల్లోకి నడిచాడు.

ఉమాబాయి కాగితాలు సర్దుకుంటోంది. మిగతా ఇద్దరూ టీ తాగుతున్నారు. విశ్వేశ్వర్ ఢాలు బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, ఆ ఫారం ఒకసారి ఇస్తారా?"

ఇచ్చింది. తన సంతకం మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు. "నేను రాయలేదు. అది ప్రణాలి భాషణం. మా వాడు దొంగిలించాడు. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను" అన్నాడు.

"వచ్చే జూన్‌లో మీ అర్జీ?" అని అడిగింది ఉమాబాయి. పాత ప్రిన్సిపాల్ కదా, ఏది ఎక్కడ తగులుతుందో ఆవిడకు తెలుసు.

"ఉండకపోవచ్చు మేడమ్."

ఆవిడ బయటికి కబురంపి, మిగిలిన కాలేజీల వాళ్ళను లోపలికి పిలిచి, పదకొండో నంబరు మళ్ళీ మాట్లాడితే ఎవరికైనా అభ్యంతరమా అని అడిగింది. అందరూ సరేనన్నారు. సగం ఖాళీ కుర్చీల ముందు ప్రణాలి మాట్లాడింది. స్వప్నిల్ లాగా గుండ్రంగా ఏం మాట్లాడలేదు. రెండు చోట్ల తడబడింది. భోజన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ అన్నట్టే అంది. తర్వాత, "పయిలా సంతకం గంగారాంది" అని ఆగి, మంగేశ్ కేసి చూసింది. మంగేశ్ తల ఊపాడు. విశ్వేశ్వర్ గోడకు ఆనుకుని, మొదటిసారి వింటున్నట్టు, చివరిదాకా విన్నాడు.

ఢాలు ఆ కాలేజీకే పోయింది. మూడో ఏడు. ఇక కాయం.

బల్ల మీది నుంచి దాన్ని ఎత్తి మంగేశ్ చేతుల్లో పెట్టింది విశ్వేశ్వరే. "పట్టుకో తమ్మీ, బరువున్నది" అన్నాడు. మంగేశ్ కళ్ళు తడిశాయి. ఆ తడి చూసి కూడా విశ్వేశ్వర్ కడుపు భగ్గుమంది, ఏడవడం కూడా వాడికి ఇంత బాగా వచ్చు కదా అని. ఏం చేస్తాడు? కుళ్ళు ఎక్కడికీ పోలేదు. దాని కింద పెట్టిన సంతకం మాత్రం కొట్టేశాడు.